201వ యూనిట్ ఎప్పుడు పడుతుంది?

తెలంగాణలో ఒక ఇంటి మీటరు నెలకు సరిగ్గా 200 యూనిట్లు తిరిగిందనుకోండి. 2022-23 టారిఫ్ లెక్కన మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. ఎనర్జీ చార్జీ మొత్తం 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ వాడితే ఇల్లు పై శ్రేణిలో పడుతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున కట్టాలి, 201వ దానికి 7.70. వెరసి 1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికైతే 200 దాటిన నెలలో బిల్లంతా మీద పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఏ శ్లాబు యూనిట్లకు ఆ శ్లాబు ధరే కాబట్టి ఇంత గొయ్యి లేదు. అయినా 225 దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కి ఎగబాకుతుంది.

ఈ హద్దు దాటబోతున్నామని ఇంట్లోవాళ్లకు తెలిసేది బిల్లు చేతికొచ్చాకే. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఏమీ కొనకుండా వాడకాన్ని ముందే చూసే దారి ఉందా?

ఉంది. ఈనాటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు మెరుస్తుందని దానర్థం. 3200 మీటరులో లైటు నిమిషానికి 8 సార్లు మెరిసిందంటే గంటకు 480 సార్లు, అంటే 0.15 యూనిట్. ఆ క్షణాన ఇల్లు లాగుతున్నది 150 వాట్లన్నమాట.

ఇది పగలు చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. అందరూ పడుకున్నాక, ఫ్యాన్లు, ఏసీ ఒక్క నిమిషం ఆపించి చూడండి. ఫ్రిజ్ కంప్రెసర్ కాసేపు ఆగి, కాసేపు నడుస్తుంది కాబట్టి రెండు మూడుసార్లు లెక్కపెట్టడం మంచిది. అప్పుడు కనిపించేదే ఆ ఇంటి అడుగు వాడకం: ఫ్రిజ్, వైఫై రూటర్, రిమోట్‌తో ఆపేసిన టీవీ, సెట్‌టాప్ బాక్స్, నిండిన బ్యాటరీకి కూడా కొద్దికొద్దిగా చార్జింగ్ పెడుతూ ఉండే ఇన్వర్టర్.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా పనికొస్తుంది. ఆగకుండా నడిచే ప్రతి వాటు 30 రోజుల్లో 0.72 యూనిట్ అవుతుంది. పది వాట్ల పెట్టె 7 యూనిట్ల పైచిలుకు. అడుగు వాడకం 150 వాట్లుంటే 108 యూనిట్లు, 200ల హద్దులో సగానికి పైగా! గదిలోంచి బయటికొస్తూ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఆపలేదని పిల్లల్ని కేకలేసే ఇళ్లలోనే ఈ 150 వాట్లు ఎవరికీ పట్టవు. బల్బు కళ్లకు కనిపిస్తుంది, ఇది కనిపించదు.

రోజంతా మీటరు ముందు కూర్చోలేం కదా?

అందుకే ఆ పని యంత్రానికి అప్పగించడం. ఆ ఎర్ర లైటు ఎదురుగా వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్‌ను అతికించి, ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్పుకు కలిపితే, అది మెరుపులు లెక్కపెట్టి ఇంట్లోని కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడ హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్రాఫులు గీస్తుంది. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో విద్యుత్ వాడకానికి ప్రత్యేకంగా ఒక పేజీ 2021 ఆగస్టులో వచ్చింది. మీటరు మీద సెన్సర్ అతికించేముందు లైన్‌మన్‌తో ఒక మాట చెప్పడం మర్యాద. సీలు జోలికి మాత్రం పోకూడదు. మీటరు మనింటి గోడకున్నా దాన్ని కదిలిస్తే కేసవుతుంది.

మీటరు అపార్ట్‌మెంట్ కింద, ఇల్లు ఐదో అంతస్తులో ఉంటే అంత దూరం వైఫై అందదు. అలాంటి చోట మెయిన్ స్విచ్ దాటాక, ఇంట్లోని డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) బాక్సులో తీగ చుట్టూ క్లాంప్ పెట్టిస్తారు. దాన్ని సీటీ అంటారు. తీగలో పారే కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి అది కొలుస్తుంది, తీగను కోయక్కర్లేదు. అయితే క్లాంప్‌లో ఫేజ్ ఒక్కటే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేసి రీడింగ్ సున్నా చూపిస్తుంది. త్రీఫేజ్ ఇంటికి మూడు క్లాంపులు కావాలి. ఇదంతా ఎలక్ట్రీషియన్ పని. యూట్యూబ్ చూసి డీబీ మూత విప్పేవాళ్లకు నా సలహా ఒకటే, విప్పకండి.

క్లాంప్ కరెంటును మాత్రమే కొలిచి వోల్టేజీని 230 అని ఊహించుకునే పరికరాలు మార్కెట్లో చాలా ఉన్నాయి. పాత ఫ్యాన్లు, మోటార్లు ఉన్న ఇంట్లో అవి అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. ఎందుకంటే వాటిలో పారే కరెంటంతా పని చేయదు, కొంత ఊరికే వచ్చి వెనక్కి పోతుంది. మన మీటరు ఆ భాగాన్ని లెక్కలో వేయదు. పీజెడ్‌ఈఎం-004టీ వంటి మాడ్యూల్ వోల్టేజీని కూడా కొలుస్తుంది కాబట్టి బిల్లుకు దగ్గరి అంకె ఇస్తుంది. అలాగే పెద్ద కరెంటుకు చేసిన క్లాంప్ చిన్న కరెంటు దగ్గర తడబడుతుంది. అర్ధరాత్రి అడుగు వాడకం చూడాలంటే నేను ఎర్ర లైటు లెక్కనే నమ్ముతాను.

ఏ వస్తువు ఎంత తాగుతోందో విడిగా తెలిసేదెలా?

స్మార్ట్ ప్లగ్‌తో. ఒక్కటి కొని వారానికొక వస్తువు దగ్గర పెడితే సరిపోతుంది. వస్తువుకొకటి కొనడం దండగ, పైగా ఒక్కో ప్లగ్గూ ఓ వాటు దాకా తనే తింటుంది. గ్రాఫులు గీసే చిన్న కంప్యూటర్ ఐదు వాట్లు తీసుకున్నా నెలకు మూడున్నర యూనిట్లు. ఈ పొదుపు వేటకూ కరెంటు ఖర్చవుతుందని మరచిపోకూడదు. గీజర్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి. బోరు మోటారును మాత్రం ప్లగ్గుతో నడపొద్దు. మొదలయ్యే క్షణంలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దానికి కాంటాక్టర్ పెట్టించాలి.

సరే, గ్రాఫు చూసి ఏం చేయాలి?

గ్రాఫు చూసే ఉత్సాహం కొన్నాళ్లకు ఎవరికైనా చల్లారుతుంది. అందుకని ఫోనుకు కబురొచ్చే ఏర్పాటు చేసుకోవాలి. హోమ్ అసిస్టెంట్‌లో నెలసరి లెక్కను ఒకటో తారీఖు నుంచి కాక, బిల్లు కొట్టే అతను మీ వీధికి వచ్చే తారీఖు నుంచి మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. శ్లాబు లెక్క సాగేది ఆ రోజు నుంచే. ఇరవయ్యో రోజుకు 150 యూనిట్లయితే, ఇదే ఊపున ముప్ఫయ్యో రోజుకు 225 అవుతాయని ముందే కబురొస్తుంది. పది రోజులు చేతిలో ఉన్నాయి కాబట్టి గీజర్ వాడకమో ఏసీ గంటలో తగ్గించుకోవచ్చు. గీజర్ గంట దాటి నడుస్తున్నా, ట్యాంకు నిండే వేళ దాటాక కూడా మోటారు తిరుగుతున్నా చెప్పించుకోవచ్చు. ఫ్రిజ్‌ను మాత్రం ఏ ఆటోమేషన్‌తోనూ ఆపించవద్దు, కబురు దగ్గరే ఆగాలి.

పైకప్పు మీద సోలార్ ఉంటే?

లెక్క మారుతుంది. పగలు కరెంటు గ్రిడ్డులోకి పోతుంది, రాత్రి అక్కడి నుంచి వస్తుంది. చాలా మీటర్లలో లైటు రెండు వేళలా ఒకేలా మెరుస్తుంది. పీజెడ్‌ఈఎం-004టీకి కూడా వచ్చేదేదో పోయేదేదో తెలియదు. రెండు దిశలూ విడివిడిగా చూపే షెల్లీ ఈఎం వంటి పరికరం తీసుకుని, క్లాంప్ మీది బాణం గుర్తు సరైన వైపే ఉందా అని బిగించేటప్పుడే చూడాలి. తిరగేసి బిగిస్తే ఇల్లు వాడుకున్నదంతా అమ్మినట్టు కనిపిస్తుంది.