అగ్గి తెగులుకు మందు కొట్టినా ఎందుకు ఆగదు? శిలీంధ్రం తనను తాను కాపాడుకునే తీరు తెలుసుకుందాం

వరిలో అగ్గి తెగులు వచ్చిన ప్రతిసారీ రైతులు అడిగే ప్రశ్న ఒకటే. "మందు కొట్టాను, అయినా మచ్చలు పోలేదు. మందు నకిలీదా?" అప్పుడప్పుడు మందు నాణ్యతలో లోపం ఉండొచ్చు. ఎక్కువ పొలాల్లో మాత్రం మందు మంచిదే ఉంటుంది, అదను తప్పుతుంది. తెగులు కలిగించే శిలీంధ్రం (బూజు) మొక్క నుంచి, నేలలో తనను తినే శత్రువుల నుంచి కాపాడుకోవడానికి కొన్ని ఏర్పాట్లు చేసుకుంటుంది. అది ఎప్పుడు బయట ఉంటుందో, ఎప్పుడు దాక్కుంటుందో తెలిస్తే ఏ మందు ఎప్పుడు వాడాలో మీకే అర్థమవుతుంది.

ఆకు మీద నల్ల కవచం

అగ్గి తెగులు బీజం గాలిలో వచ్చి ఆకు మీద పడుతుంది. మంచు తడి కొన్ని గంటలు ఆరకుండా ఉంటే మొలకెత్తి, చివర చిన్న బుడిపెలా ఉబ్బుతుంది. ఆ బుడిపె చుట్టూ మెలనిన్ అనే నల్లటి పదార్థంతో గట్టి పొర కట్టుకుంటుంది. మన వెంట్రుకలకు నలుపునిచ్చేది కూడా ఈ రకం పదార్థమే. ఈ పొర వల్ల లోపలి గ్లిసరాల్ బయటకు కారదు, నీరు మాత్రం లోపలికి వెళ్తుంది. దాంతో లోపల ఒత్తిడి కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు 40 రెట్ల వరకు పెరుగుతుంది. ఆ బలంతో సన్నటి మేకులాంటి భాగాన్ని ఆకు పైపొరలోకి దించి లోపలికి దూరుతుంది.

మీరు వాడే ట్రైసైక్లజోల్ పని చేసేది సరిగ్గా ఇక్కడే. అది శిలీంధ్రాన్ని నేరుగా చంపదు, మెలనిన్ తయారీని ఆపుతుంది. నల్ల పొర లేకపోతే బుడిపెలో ఒత్తిడి నిలవదు, ఆకును చీల్చే బలం రాదు. అంటే ఇది గుమ్మం దగ్గర కాపలా కాసే మందు. ఇంట్లోకి వచ్చేసిన దొంగను పట్టుకునే మందు కాదు.

ఆకు లోపల మారువేషం

మొక్కకు కూడా రక్షణ ఉంది. శిలీంధ్రాల కణ గోడలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. రొయ్యల పెంకులోనూ అదే ఉంటుంది. వరి కణాలు తమ ఎంజైములతో ఆ గోడను కొరుకుతాయి. రాలిన కైటిన్ ముక్కలను గుర్తుపట్టి, శత్రువు వచ్చిందని తెలుసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటైన పదార్థాలు విడుదల చేస్తాయి.

అగ్గి తెగులు శిలీంధ్రం దీనికి మూడు ఉపాయాలు పన్నుతుంది.

1. కైటిన్ కనబడకుండా తన గోడ మీద వేరే రకం గ్లూకాన్ పూత వేసుకుంటుంది. ఆ పూతను కరిగించే ఎంజైము వరి దగ్గర లేదు.

2. రాలిన కైటిన్ ముక్కలు వరి కణానికి తెలిసేలోపే ఏరుకునే ఒక ప్రోటీన్‌ను వదులుతుంది.

3. మొక్క వదిలిన పెరాక్సైడ్‌ను తన ఎంజైములతో విరగ్గొడుతుంది.

ఇలా నాలుగైదు రోజులు చడీచప్పుడు లేకుండా లోపల పెరుగుతుంది. ఆ తర్వాతే కణాలను చంపుతుంది. అప్పుడే మీకు అంచు గోధుమ రంగులో, మధ్య బూడిద రంగులో నూలు కండె ఆకారపు మచ్చ కనిపిస్తుంది. మచ్చ కనిపించే నాటికి శిలీంధ్రం లోపలికి చేరి చాలా రోజులైందన్నమాట. పైగా ఆ మచ్చ మీద నుంచే వేల బీజాలు పక్క దుబ్బులకు చేరుతుంటాయి.

మచ్చ పడిన చోట ఆకు కణాలు చచ్చిపోయాయి కాబట్టి ఎంత మందు కొట్టినా పాత మచ్చ పోదు. మందు పని చేసిందో లేదో పాత ఆకులను చూసి కాదు, పిచికారీ తర్వాత వచ్చిన కొత్త ఆకులను చూసి తేల్చుకోండి. ఇది తెలియక వారంలో రెండు, మూడు సార్లు మందు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు.

తట్టుకునే రకం కూడా కొన్నేళ్లకు లొంగవచ్చు

తెగులును తట్టుకునే రకాలు శిలీంధ్రం వదిలే ఏదో ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి అడ్డుకుంటాయి. కాలక్రమంలో శిలీంధ్రం ఆ ప్రోటీన్‌ను మార్చుకున్నా, వదిలేసుకున్నా రకానికి గుర్తు దొరకదు. అందుకే ఒక ప్రాంతమంతా ఏళ్ల తరబడి ఒకే రకం వేయడం మంచిది కాదు. సాంబ మసూరి (బీపీటీ 5204) ఈ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. తెగులు ఏటా వచ్చే చోట నెల్లూరు మసూరి (ఎన్ఎల్ఆర్ 34449), తెలంగాణ సోనా (ఆర్ఎన్ఆర్ 15048) వంటి తట్టుకునే రకాలు ఎంచుకోండి. రకం తట్టుకుంటుందని పొలం చూడడం మానకండి.

వరి పొలంలో ఏం చేయాలి?

• మెట్ట నారుమడికి కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బండాజిమ్ పట్టించాలి. దంప నారుమడికి లీటరు నీటికి 1 గ్రాము కలిపిన ద్రావణంలో కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి మండె కట్టాలి.

• యూరియా ఒకేసారి కుమ్మరించవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి శిలీంధ్రానికి దారి సులువవుతుంది. సిఫారసు మోతాదును మూడు దఫాలుగా వేయండి. తెగులు కనిపిస్తే అది తగ్గే వరకు పైపాటు యూరియా ఆపండి.

• గట్ల మీద గడ్డి తీసేయండి. తెగులు గడ్డి మొక్కల మీద కూడా బతుకుతుంది.

• రాత్రులు చల్లగా ఉండి, మబ్బు పట్టి, పొద్దెక్కినా ఆకుల మీద మంచు ఆరకపోతే తెగులుకు అనువైన సమయమని గుర్తించండి. అప్పుడే, మచ్చలు రాకముందే లేదా ఒకటి రెండు కనిపించగానే, లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు కలిపి పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్ల నీటికి 120 గ్రాములు సరిపోతుంది.

• మచ్చలు ఇప్పటికే పొలంలో పాకి ఉంటే లీటరు నీటికి 1.5 మి.లీ. ఐసోప్రోథయోలేన్ లేదా 2.5 మి.లీ. కాసుగామైసిన్ వాడండి. ఇవి ఆకులోకి చేరి శిలీంధ్రం ఎదుగుదలను అడ్డుకుంటాయి.

• అసలు నష్టం మెడవిరుపుతోనే. వెన్ను మెడ దగ్గర కుళ్లితే గింజ తాలు అవుతుంది, అప్పుడు ఏ మందూ పని చేయదు. ఆకుల మీద తెగులు కనిపించిన పొలంలో పొట్ట దశ చివర, వెన్నులు బయటపడడం మొదలైనప్పుడు తప్పక ఒకసారి పిచికారీ చేయాలి.

• ఒకే మందును వరుసగా కొట్టవద్దు. పని చేసే విధానం వేరుగా ఉన్న మందును మార్చి వాడండి.

నేలలో శత్రువుల నుంచి రక్షణ

నేలలోని శిలీంధ్రాలకూ శత్రువులున్నాయి. కొన్ని రకాల అమీబాలు శిలీంధ్ర బీజాల గోడకు రంధ్రం చేసి లోపలి పదార్థాన్ని తినేస్తాయి. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం తెగులు శిలీంధ్రం పోగులను చుట్టుకుని, వాటి గోడలను ఎంజైములతో కరిగించి తింటుంది.

వేరుశనగలో కాండం కుళ్లు తెగులు కలిగించే శిలీంధ్రం దీనికి ఎదురు ఏర్పాటు చేసుకుంటుంది. మొక్క మొదలు చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గోధుమ రంగు గుళికలు మీరు చూసే ఉంటారు. ఆ గుళికలే దాని కోట. వాటి పై తొక్కలోనూ మెలనిన్ ఉంటుంది. శత్రువుల ఎంజైములు ఆ తొక్కను త్వరగా కరిగించలేవు కాబట్టి గుళికలు నేలలో కొన్నేళ్లు బతికి ఉంటాయి. తెగులు కనిపించాక ట్రైకోడెర్మా చల్లితే ఫలితం తక్కువగా ఉండడానికి ఇదొక కారణం. గుళిక మొలకెత్తి లేత పోగు బయటకు వచ్చే సమయానికి ట్రైకోడెర్మా ముందే నేలలో స్థిరపడి ఉండాలి.

• వేసవిలో లోతు దుక్కి చేయండి. లోతుగా పూడిన గుళికలు మొలకెత్తి మొక్క మొదలును చేరడం కష్టం.

• 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీళ్లు చిలకరిస్తూ నీడలో వారం పాటు గోనె సంచులు కప్పి ఉంచండి. ఎకరా పొలంలో తేమ ఉన్నప్పుడు విత్తే ముందు చల్లండి.

• కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించండి. రసాయన శిలీంధ్రనాశినితో కలిపి పట్టిస్తే ట్రైకోడెర్మాయే చచ్చిపోతుంది.

• తెగులు సోకిన మొక్కలను గుళికలతో సహా పీకి కాల్చేయండి, గట్టు మీద పడేయవద్దు. మరుసటి పంటగా జొన్న, మొక్కజొన్న వంటివి వేయండి.

మందు కొనేటప్పుడు బిల్లు తీసుకోండి, డబ్బా మీద గడువు తేదీ చూడండి. పిచికారీ చేసేటప్పుడు ముక్కుకు, చేతులకు రక్షణ తప్పనిసరి. ఏ తెగులో అనుమానంగా ఉంటే తెగులు సోకిన దుబ్బును తీసుకుని మీ రైతు సేవా కేంద్రానికి లేదా మండల వ్యవసాయ అధికారి దగ్గరకు వెళ్లండి. ఈ కాలంలో వారానికి రెండుసార్లు, ఉదయం మంచు ఆరక ముందే పొలంలోకి దిగి కింది ఆకులు చూడండి. మొదటి మచ్చను కనిపెట్టిన రైతుకు ఒక పిచికారీతో సరిపోతుంది, ఆలస్యమైతే మూడు పిచికారీలు చేసినా పంట చేతికి వస్తుందన్న నమ్మకం ఉండదు.