పంపు గ్లాండు కారుట, ఇరుసు అదరుట

చేను నీటికై యెదురుచూచు దినములలో పంపు నిలిచిపోయినచో రైతునకు గలుగు నష్టము సామాన్యమైనది కాదు. అట్టి పంపును విప్పి చూచినచో ఒక్కొక్కప్పుడు చెడినది ఇంజనుగాని మోటారుగాని కాదు. ఇరుసు చుట్టునుండు ప్యాకింగు తాడును, దాని రాపిడిచే గాడిపడిన యిరుసును. ఈ నష్టము మనచేతులార తెచ్చుకొనునదే.

నేలపై నిలిపి నడపు సెంట్రిఫ్యూగల్ పంపునుగూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము. బోరులో దింపిన సబ్‌మెర్సిబుల్ పంపు సీలు రైతు చేతి కందునది కాదు.

పంపులోని చక్రమును త్రిప్పు ఇరుసు వెలుపలికి వచ్చుచోట సందు తప్పదు. ఆ సందును మూయుటకు ఒక గూడును, గూటిలో తాడు చుట్లును, వానిని అదిమిపట్టు గ్లాండును అమర్తురు. ఇరుసు తిరుగునది, తాడు కదలనిది. రెంటినడుమ పలుచని నీటిపొర యుండవలయును. తాడునకు చలువయు, కందెనయు ఆ నీరే.

కావున గ్లాండునుండి నిమిషమునకు సుమారు 40 మొదలు 60 బొట్ల వరకు కారుట దోషము కాదు. 20 బొట్లు ఒక మిల్లీలీటరు చొప్పున 60 బొట్లకు గంటకు 180 మిల్లీలీటర్లు. 10 గంటలకు రెండు లీటర్లయినను కాదు. ఈ కొద్దిపాటి నీటికి ఆశపడి నట్లు బిగించినచో తాడు మాడి గట్టిపడి, ఆకురాయివలె ఇరుసును కోయును. గాడిపడిన యిరుసుపై ఎన్ని క్రొత్త తాళ్లు చుట్టినను నీరు నిలువదు. అటులని ధారగా కారనిచ్చుటయు తగదు. నిమిషమునకొక లీటరు చొప్పున 10 గంటలలో 600 లీటర్లు పోవును. ఆ నీరు బేరింగులో జొరబడి గ్రీజును చెరచును.

నూతినుండి నీటిని పీల్చు పంపులలో గ్లాండు బొత్తిగా కారకున్నను అనుమానింపవలయును. అచ్చటి ఒత్తిడి బయటిగాలికంటె తగ్గినప్పుడు నీరు వెలికి రాదు. గాలియే లోనికి పోవును. ధార సన్నగిల్లినచో, మోటారుపై పడకుండ గ్లాండుపై కొంచెము నీరు పోసి చూడుడు. ధార పుంజుకొన్నచో గాలి అచ్చటనే చొచ్చుచున్నదని యెఱుంగవలయును.

కారుటకును అదురునకును సంబంధము గలదు. అదరు ఇరుసు తాడును నలుగగొట్టి సందును పెంచును. నీరు కారి బేరింగు చెడును. బేరింగు చెడిన అదురు మరింత హెచ్చును. తాడు మార్చినంతమాత్రమున నిది కుదురదు. మొదట కారణమును వెదకవలయును. పునాది బోల్టులు వదులైనవా? బేరింగు ఆడుచున్నదా? బెల్టు అతిగా బిగిసినదా? ఫుట్‌వాల్వు జల్లెడలో చెత్త పేరుకొన్నదా? కప్లింగు గలచో, దాని రెండు బిళ్లలపై తిన్నని ఇనుపబద్ద నుంచి పైన, క్రింద, ఇరుప్రక్కల చూచినయెడల ఇరుసులు ఒకే వరుసలో నున్నవో లేవో తెలియును.

ఇవి చక్కబడిన పిమ్మట పంపు నాపి, కరెంటు తీసివేసి, పాతతాడు నంతయు కొక్కెముతో లాగివేయుడు. మిగిలిన పాతచుట్లపై క్రొత్తవి వేయరాదు. తాడును ఇరుసు చుట్టుకొలతకు సరిగా కోసి, ఒక్కొక్క చుట్టును విడిగా దించి, అతుకులు ఒకదానిక్రింద నొకటి రాకుండ పావుచుట్టు చొప్పున జరుపుడు. నట్లను తొలుత వ్రేళ్లతోనే బిగించి, పంపును నడిపి, ధారాళముగా కారనిండు. పిమ్మట పది నిమిషముల కొకమారు రెండు నట్లను సమముగా కొద్దికొద్దిగా త్రిప్పుచు బొట్లకు దింపుడు. తిరుగు ఇరుసు చెంతకు వ్రేలాడు పైపంచెతో పోరాదు.

కొన్ని పంపులకు తాడునకు బదులు మెకానికల్ సీలుండును. అందు నున్నని బిళ్లలు రెండు, ఒకటి తిరుగుచు నొకటి నిలిచి, స్ప్రింగు బలముచే ఒరసికొనుచుండును. కంటికి కనబడు కారుట దాదాపు లేదు. కాని నీరు నింపక నడిపినచో స్వల్పకాలములోనే చెడును. ఇసుకనీటిని, అదురును ఓర్వదు. దానికి బిగించు నట్లు లేవు, కారినచో మార్చుటయే.

సభ్యులు తమ పంపునకు దగిన తాడు మందము కొలిచి వ్రాసియుంచుకొనుట మేలు. సంఘములు ఆ కొలతల తాళ్లను పంటకాలమునకు ముందే తెప్పించియుంచినచో పని చెడకుండును. సోదరులారా, నట్టుపై పానా వేయుటకు ముందు బొట్లు లెక్కింపుడు.