ముసురుల హాస్టల్ పిల్లల బట్టలెట్ల ఆరాలె?

ఇంజనీరింగ్ ఆఖరి ఏడు పిల్లలు అమీర్‌పేటల రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చి మార్కులు తెచ్చుకునుడు మనకు ఎరుకే. వాళ్లకు ఒక పని చెప్తున్న. ఎండతోని బట్టలారవెట్టే పెట్టె చెయ్యున్రి. చేసి, దగ్గర్ల ఉన్న సర్కారు ఆడపిల్లల హాస్టల్ల వెట్టున్రి.

ముసురు వట్టిందంటె ఆ హాస్టళ్లల్ల బట్టలు ఆరయి. మంచం కడ్డీల మీద, కిటికీ ఊసల మీద, ట్రంకు పెట్టెల మీద ఏస్తరు. మూడు దినాలైనా చెమ్మ పోదు, ముక్కిపోయిన వాసన. అవే తొడుక్కుని బడికి పోతరు, తామర లేస్తది. నెలసరి బట్టలైతే ఇంకా అన్యాయం. ఎవలు చూస్తరోనని వేరే బట్టల కింద దాస్తరు, గాలి గుడ తగలది. ఇది సర్కారు చెయ్యాల్సిన పనే, అడుగుడు మనం బంద్ వెట్టం. కని వానలు మన ధర్నాల కోసం ఆగవు గద.

నేను ఇంజనీరింగ్ కాలేజీ మొఖం చూడలే. అయినా ఈ లెక్క ఎవలకైనా సమజైతది. బట్టల ఉన్న లీటరు నీళ్లు ఆవిరి కావాల్నంటె, కరెంటు బిల్లు లెక్కల చెప్తె, దాపు 0.7 యూనిట్ల వేడి గావాలె. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు జాగ మీద గంటకు దాపు 1 యూనిట్ ఎండ వడ్తది. సోలార్ ప్యానల్ అండ్ల అయిదో వంతునే కరెంటు చేస్తది. నల్లరంగు ఏసిన రేకు, దాని మీద అద్దం మంచిగ కడితే సగం దాక గాలికి అందుతది. అందుకే ప్యానలు, బ్యాటరీ వెట్టి హీటర్ కాయిల్ కాలవెట్టుడు దండుగ. సార్లకు అదే హైటెక్ లెక్క కనవడ్తది, గది వేరే ముచ్చట.

రేకుకు, అద్దానికి నడుమ నాలుగు వేళ్ల సందు ఉంచి, దక్షిణం దిక్కు ఏటవాలుగ వెట్టాలె. కింద జొచ్చిన గాలి కాగి, మీదికెక్కి బట్టలున్న పెట్టెల వడ్తది. పెట్టె మీద పొగగొట్టం లెక్క దారి ఉండాలె. వేడి పోతదని ఆ దారి మూసేసిన్రా, అది కుడుములు ఉడకవెట్టే గిన్నెనే. బట్టలను ఆరవెట్టేది ఉత్త వేడి కాదు, పొడి గాలి. 30 డిగ్రీల కాడ 80 శాతం తేమ ఉన్న గాలిని 45 డిగ్రీల దాక కాగవెడ్తె, తేమ 35 శాతానికి దిగుతది. అంటె గాలికి దూపయితది. ఆ గాలి బట్టల నీళ్లు తాగి బయటికి పోవాలె. దాన్ని గుంజనీకి కంప్యూటర్ల ఉండే 12 వోల్టుల ఫ్యాను సాలు. చిన్న ప్యానల్‌కు కలిపి, నడుమ వోల్టేజి మించకుండ ఒక రెగ్యులేటర్ వెట్టున్రి. బ్యాటరీ అక్కెరలేదు.

మబ్బు మూసిన్నాడు పావు వంతు ఎండ గుడ రాదు. కాబట్టి హాస్టల్ అందరి యూనిఫాంలు ఆరవెడ్తమని డప్పు కొట్టకున్రి. రెండు చదరపు మీటర్ల రేకుతోని ముందుగాల లోబట్టలు, నెలసరి బట్టలు ఆరితే సాలు. రిపోర్టుల గుడ నిజమే రాయున్రి. తడిబట్టను జోకున్రి, అరగంటకోసారి మళ్ల జోకున్రి. పక్కపొంటి దండెం మీద అసొంటి జతనే ఏసి అది గుడ జోకున్రి. దండెం కంటె ఎంత జల్ది ఆరిందో అదే మీ రిజల్టు.

డిజైను గీసే ముందు ఆ పిల్లలను అడుగున్రి. ఆరో తరగతి పిల్లకు కడ్డీ అందాలె. తలుపు రోడ్డు దిక్కు, వాచ్‌మన్ దిక్కు ఉంటే ఒక్కతి గుడ లోబట్ట ఎయ్యదు. వైవా అయిపోయినంక పెట్టెను కాలేజీకి గుంజుకపోకున్రి. ఫ్యాను ఖరాబైతె ఎట్ల మార్చాలో ఇద్దరు పిల్లలకు నేర్పి రాన్రి.