పది తలల రావణుడు, పదిమంది పిల్లలు

గుంతకల్లు నుంచి బెంగుళూరు పోయే రైలెక్కితే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. ధర్మవరం పట్టుచీరల అంచుల మీద లతలూ, హంసలూ ఉంటాయి. 1565లో విజయనగరం పాడయిన తరవాత రాజధాని అయిన ఊరు పెనుకొండ. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉన్నది. అక్కడి వీరభద్రాలయం పైకప్పు నిండా 16వ శతాబ్దపు రంగుల బొమ్మలున్నాయి. ఆ గుడి కట్టించిన విరుపణ్ణ పెనుకొండలో రాజోద్యోగి.

ఇన్ని బొమ్మల మధ్య ఉన్న ఊళ్ళలో కూడా, పదిమంది పిల్లలను కూర్చోబెట్టి కాగితాలిచ్చి చూడండి. ఇద్దరు వెంటనే గీస్తారు. అయిదుగురు ఆ ఇద్దరినీ చూచి గీస్తారు. మిగిలినవాళ్ళలో ఒకడు తప్పకుండా కాగితం బోర్లించి, "అక్కా, నాకు రాదు," అంటాడు. వాడికి ఆరేడు సంవత్సరాలు ఉంటాయి. రెండేళ్ళ క్రితం గోడనిండా బొగ్గుతో గీసి దెబ్బలు తిన్నవాడే!

ఆదివారం సాయంత్రం వీధి పిల్లలను పోగుచేసి బొమ్మలు చేయిద్దామని ముందుకు వచ్చే వాళ్ళ కోసమే ఈ వ్యాసం. వాళ్ళు పదో తరగతి చదివే అక్కయ్య కావచ్చు, సెలవుమీద వచ్చిన మామయ్య కావచ్చు, అమ్మ కావచ్చు. వాళ్ళకు బొమ్మలు బాగా గీయటం రానవసరం లేదు. నిజానికి బాగా గీసేవాళ్ళతోనే చిక్కు. పిల్లవాడి చేతిలోంచి పెన్సిలు తీసుకుని, "ఇలా కాదురా, చూడు," అంటారు. ఆ ఒక్క మాటతో ఆ బొమ్మ పిల్లవాడిది కాకుండా పోతుంది.

మరి ఎలా చేయించాలి? ఇందుకు ధర్మవరం దగ్గరనే మంచి గురువులున్నారు. నిమ్మలకుంట అనే ఊళ్ళో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే, వెలుగు దూరేటంత పలచగా తయారవుతుంది. దానిమీద రూపం గీస్తారు. ఉలులతో సన్నని చిల్లులు కొడతారు. దీపం వెలిగినప్పుడు ఆ చిల్లులే తెరమీద నగలై మెరుస్తాయి. తరవాత రెండువైపులా రంగులు వేస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చేసి దారంతో కడతారు గనకనే బొమ్మ చేయి ఊపగలుగుతుంది. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి!

ఇదంతా ఒక్కరు కూర్చుని చేసే పని కాదు. ఒకరు గీస్తే ఇంకొకరు చిల్లులు కొడతారు, మరొకరు రంగు నింపుతారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, తమకు చేతనయిన ముక్క చేస్తూ నేర్చుకుంటారు. "నాకు రాదు" అనేవాడికి కూడా అక్కడ ఏదో ఒక పని ఉంటుంది. సినిమా వచ్చిన తరవాత రాత్రంతా సాగే తోలుబొమ్మలాటలు తగ్గిపోయినాయి. ఆ చేతులే ఇప్పుడు తోలుతో దీపపు గూళ్ళు, గోడకు తగిలించే బొమ్మలు కూడా చేస్తున్నాయి.

మనం కాగితంతో ఒక రావణుణ్ణి చేద్దాం. రావణుడే ఎందుకంటారా? పది తలలున్నవాడు మరి! తలకొక పిల్లవాడు.

కావలసినవి: మరీ దళసరి కాని తెల్లకాగితాలు, ఒక చార్టు కాగితం, నీళ్ళరంగులు, వేరుశనగ నూనె కొంచెం, గుడ్డముక్కలు, లావుపాటి సూదులు, పాత గోనెసంచి, దారం, జిగురు, వెదురుబద్దలు. మన సీమలో వేరుశనగ నూనెకు కరువా!

ముందుగా ఒక్కొక్కరికి 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడుగు గల కాగితం ఇవ్వండి. అడుగున మెడ ఎక్కడ రావాలో రెండు గీతలు మీరే పెట్టండి. అంతే, మరొక గీత పెట్టవద్దు. పది తలలు పక్కపక్కన అతికితే 40 అంగుళాలు వస్తుంది గనక 45 అంగుళాల వెదురుబద్ద వెనకవైపున కట్టవచ్చు. మెడలు కుదిరితే చాలు. ఒక తల నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది, ఒక దానికి మీసం చెవుల దాకా పోతుంది, ఇంకొక దానికి కళ్ళద్దాలు కూడా రావచ్చు. రానివ్వండి. లేపాక్షిలో ఒకే ఎద్దుకు మూడు తలలు చెక్కిన శిల్పం ఉంది. మన రావణుడి తలలు పది రకాలుగా ఉంటే తప్పేమిటి?

"ముక్కు ఎలా వెయ్యాలి?" అని అడిగితే గీసి చూపించకండి. "పక్కవాడి ముక్కు చూడు," అనండి. అప్పుడు కాసేపు అందరూ ఒకరి ముక్కులు ఒకరు చూచుకుని నవ్వుతారు. ఆ తరవాత వేసే ముక్కులు బాగా కుదురుతాయి.

"నాకు రాదు" అన్నవాణ్ణి బతిమాలవద్దు. వాడికి నూనె గుడ్డ ఇవ్వండి, లేదా కిరీటానికి చిల్లులు కొట్టే పని ఇవ్వండి. కాగితం కింద గోనెసంచి మడిచి వేసి సూదితో పొడవాలి. మరీ చిన్నవాడయితే పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలి. ఒక ఖాళీ కాగితం మాత్రం వాడి దగ్గర పెట్టి మీ పనిమీద మీరు వెళ్ళండి. పదో తల చాలావరకు అక్కడే తయారవుతుంది.

వెనక నిలబడి సలహాలిచ్చే నాన్నలకూ, తాతయ్యలకూ కూడా పని చెప్పాలి. పంచె తెరగా కట్టటం, వెదురు చీల్చటం వాళ్ళకు బాగా సరిపోతాయి.

రంగులు పలచగా ఉండాలి. మందంగా పూస్తే వెలుగు దాటక, తెరమీద అంతా నల్లగా కనిపిస్తుంది. రంగు బాగా ఆరిన తరవాత వెనకవైపున నూనె పలచగా రుద్దాలి. అప్పుడొక వింత జరుగుతుంది. దీపానికి ఎదురుగా పెడితే, తెల్లగా అడ్డుపడుతున్న కాగితం అద్దంలాగా కాకపోయినా, తోలులాగా వెలుగును దాటనిస్తుంది. దీనికి కారణం ఏమిటి? కాగితమంటే సన్నని నారల అల్లిక. నారల మధ్య గాలి ఉంటుంది. వెలుగు నార నుంచి గాలికీ, గాలి నుంచి నారకూ పోతూ ప్రతిచోటా వంగి, చెదిరిపోతుంది. నూనె ఆ గాలి ఉన్న చోటులను నింపుతుంది. వెలుగును వంచటంలో నూనెకూ నారకూ తేడా చాలా తక్కువ. అందుచేత వెలుగు అంతగా చెదరకుండా అవతలికి వస్తుంది. బజ్జీలు కట్టిన కాగితం మీద ఈ ప్రయోగం మీరు ఇదివరకే చేసి ఉంటారు!

చార్టు కాగితంతో రావణుడి ఒళ్ళు చేసి, తలలు కట్టండి. చేతులు ఇరవై కావాలంటే తలా రెండు చేయాలి. ఓపిక లేకపోతే రెండు చాలు, వాల్మీకి కోప్పడడు. పూర్వం ఆట ఆడేవాళ్ళు ఆముదపు దీపాలు పెట్టేవారు. నూనె పూసిన కాగితం దగ్గర మంట పెట్టకూడదు గనక మనకు విద్యుద్దీపం మేలు. బొమ్మ పంచెకు ఆనించి పట్టుకుంటే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. దీపం వైపు జరిపితే నీడ పెరిగి పెద్దదవుతుంది, కాని అంచులు మసకబారతాయి. రావణుడు కోపంతో పెరిగిపోవటం చూపించటానికి ఇదే ఉపాయం.

ఇలా పిల్లలకు చోటిచ్చిన పెద్దలు మనకు కొత్త కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్య అని పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో "బాల" పత్రిక ప్రారంభించి, అందులో పిల్లలు రాసినవీ గీసినవీ అచ్చువేశారు. బాపు చిన్నతనపు బొమ్మలు కూడా అందులో వచ్చాయి.

ఆటకు తల్లిదండ్రులను పిలవండి. పది తలలకూ పదిమంది గొంతులివ్వాలి. సీతను ఎత్తుకుపోదామా వద్దా అని రావణుడి తలలు తమలో తాము పోట్లాడుకుంటే చూడటానికి భలేగా ఉంటుంది. కళ్ళద్దాల తల "వద్దు" అంటుంది. మీసాల తల వినదు. ఆట అయిపోయిన తరవాత బొమ్మను విప్పి, ఎవరి తల వాళ్ళకు ఇచ్చి ఇళ్ళకు పంపించండి. నూనె పుస్తకాలకు అంటకుండా పాత వార్తాపత్రికలో చుట్టి ఇవ్వటం మరిచిపోకండి.