మెయిల్ వెళ్లలేదా.. లాగ్ చూశారా?

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. సేల్స్ సెక్షన్ నుంచి ఫోన్: ‘కొటేషన్ పంపి గంటయింది. వాళ్లకు అందలేదట, కాస్త చూడండి’. కంపెనీ మెయిల్ సర్వర్ చూసే ఉద్యోగంలో చేరితే మీ రోజు చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. వెంటనే సర్వర్ రీస్టార్ట్ చేసేద్దామనిపిస్తుంది. ఆగండి! ముందు లాగ్ చూడాలి.

లినక్స్ సర్వర్లలో విరివిగా వాడే పోస్ట్‌ఫిక్స్, తాను తీసుకున్న ప్రతి మెయిల్‌కూ ఒక క్యూ ఐడీ ఇస్తుంది. లాగ్‌లో దాన్ని పట్టుకుని వెతికితే అవతలి సర్వర్ ఏమని జవాబిచ్చిందో తెలుస్తుంది. 250 అంటే వాళ్లు తీసుకున్నట్టే. ఇక వెతకాల్సింది వాళ్ల స్పామ్ ఫోల్డర్లో. 4తో మొదలయ్యే కోడ్ వస్తే తాత్కాలిక ఇబ్బంది. మామూలు సెట్టింగ్‌లో 5 రోజుల వరకు సర్వరే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తిరస్కరించారని అర్థం. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఈ తేడా నోటికి వచ్చి ఉండాలి.

రోజూ డిస్క్‌లో ఖాళీ ఎంతుందో, క్యూలో ఎన్ని మెయిల్స్ ఉన్నాయో చూడాలి. పదీ ఇరవై ఉండేచోట ఒక్కసారిగా వేలల్లో కనిపించాయా? ఎవరిదో పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడి ఉండొచ్చు. ఆ ఖాతాను ఆపి, పాస్‌వర్డ్ మార్చి, క్యూలోని స్పామ్‌ను తీసేయాలి. ఆలస్యం చేస్తే సర్వర్ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది. అప్పుడు కంపెనీ అసలు మెయిల్స్ కూడా వెనక్కి వస్తాయి. అన్ని సెక్షన్ల ఫోన్లూ మీకే!

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్.. ఈ మూడూ డీఎన్ఎస్‌లో పెట్టే రికార్డులు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ వీటిని తప్పనిసరి చేసింది. అందుకే డీఎన్ఎస్‌ను పక్కన పెట్టొద్దు.

‘ఇప్పుడంతా క్లౌడే కదా?’ అనొచ్చు. మైక్రోసాఫ్ట్ 365లోనూ మెసేజ్ ట్రేస్ ఉంటుంది. అక్కడా ఫిర్యాదు ఇదే, వెతికే తీరూ ఇదే.

నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో రెండు లినక్స్ మెషీన్లు పెట్టి, రెండింట్లోనూ పోస్ట్‌ఫిక్స్ వేసి, ఒకదాని నుంచి మరోదానికి మెయిల్ పంపండి. డీఎన్ఎస్ సరిగా లేకపోతే మొదటి మెయిలే వెళ్లదు (అదీ మంచిదే!). అది సరిచేశాక కావాలనే చెడగొట్టండి. అవతలి పోస్ట్‌ఫిక్స్ ఆపి పంపండి, లేని యూజర్‌కు పంపండి. ప్రతిసారీ లాగ్‌లో ఏ లైన్ వచ్చిందో, మీరేం చేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.