ర్యాంకుల హోరు చేరని ఊరు

బస్తర్‌లోని తర్రెం పేరు 2021 ఏప్రిల్‌లో తెలుగు పత్రికల మొదటి పేజీలకెక్కింది. ఆ నెల 3న సమీప అడవుల్లో మావోయిస్టుల దాడిలో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అవే మొదటి పేజీలను ఏటా ఫలితాల సీజన్‌లో ఆక్రమించేది మాత్రం తపాలా బిళ్లంత ఫొటోల్లో కిక్కిరిసిన జేఈఈ, నీట్ ర్యాంకర్లు. టీవీ పెడితే ఒకటి, రెండు, మూడు అంటూ ఊపిరి సలపనివ్వని ర్యాంకుల హోరు.

ఆ ప్రకటనల్లో కనిపించని అంకె ఒకటుంది. ఎంతమంది పరీక్ష రాస్తే ఇన్ని ర్యాంకులొచ్చాయన్నది. కార్పొరేట్ కాలేజీల వ్యాపార రహస్యం కూడా అక్కడే ఉంది. పదో తరగతి పరీక్షలు ముగియకముందే పీఆర్వోలు ఇళ్లకొచ్చి సీట్లు బుక్ చేస్తారు. ఇంటర్ బోర్డుల హెచ్చరికలు ఏటా ఉండేవే. టాలెంట్ టెస్టులో మెరిసిన పిల్లలకు ఫీజులో రాయితీ, ప్రత్యేక బ్యాచ్. రేపటి ప్రకటనలో ఫొటోలు వాళ్లవి. ఆ ఫొటోలు చూసి వచ్చి పూర్తి ఫీజు కట్టేది మిగతావాళ్లు. కాలేజీ ర్యాంకును తయారు చేస్తోందా, ర్యాంకు వచ్చేవాణ్ని ముందే ఏరుకుంటోందా అన్న ప్రశ్నకు ఫుల్ పేజీ ప్రకటనలో చోటుండదు.

కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదు. అతను చేరిన కోర్సేమిటో, ఎన్నాళ్లు చదివాడో చెప్పాలి. అప్పటికే ఆ సంస్థ 18 కోచింగ్ కేంద్రాలకు రూ. 54.6 లక్షల జరిమానా వేసింది. ఒక పత్రికలో కొద్ది రోజుల ప్రకటనల ఖర్చుతో పోలిస్తే అదేమంత బరువు కాదు.

ఈ విద్య మనవాళ్ల సొంతం కాదు. శాట్ రాసిన విద్యార్థుల పేర్లు కొని, సీటు ఇచ్చే అవకాశం అంతగా లేనివారికి కూడా అమెరికన్ యూనివర్సిటీలు ఉత్తరాలు పంపుతున్నాయని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. దరఖాస్తులు పెరిగితే తిరస్కరణలు పెరుగుతాయి, దాంతో ప్రతిష్ఠా పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, బాగా చదివే పేద పిల్లల్లో అత్యధికులు పేరున్న కాలేజీలకు అసలు దరఖాస్తే చేయరని ఆర్థికవేత్తలు కరోలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ 2013లో తేల్చారు. అలాంటి పిల్లలు విడివిడిగా, మారుమూల ఊళ్లలో ఉంటారు. ప్రచారం వెళ్లేది గుంపులున్న చోటికి.

తర్రెం అలాంటి ఊరే. బాసగూడ నుంచి సిల్‌గేర్ వెళ్లే దారిలో ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం దాటలేదు. ఇక్కడి పిల్లలకు దారి చూపాల్సింది ప్రభుత్వ సంస్థలే: ఆరో తరగతికి నవోదయ, ఏకలవ్య పాఠశాలలు, తొమ్మిదో తరగతికి, నక్సల్ ప్రభావిత ప్రాంతాల పిల్లల కోసం ఛత్తీస్‌గఢ్ 2010లో మొదలుపెట్టిన ప్రయాస్. వీటన్నిటికీ ప్రవేశ పరీక్షలున్నాయి, పీఆర్వోలే లేరు. కబురు మోసుకురావాల్సింది బడిపంతులు.

ఆ బడులే లేకుండా పోయాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఈ జిల్లాలో వందల పాఠశాలలు మూతపడ్డాయి. మావోయిస్టులు భవనాలు కూల్చారు, మరికొన్నిటిలో బలగాలు మకాం వేశాయి. చాలావాటి తలుపులు మళ్లీ తెరుచుకోవడానికి పదిహేనేళ్లకు పైనే పట్టింది. నవోదయ పరీక్ష రాయాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గుర్తింపు పొందిన బడిలో చదివి ఉండాలి. బడి మూతపడిన ఊరి పిల్లవాడు ఎంత చురుకైనవాడైనా దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు.

ఏటా జనవరి దాటాక బస్తర్ కూలీలు మిరప కోతకు ఖమ్మం, భద్రాచలం వైపు వస్తారు. కొందరు పిల్లల్నీ వెంట తెచ్చుకుంటారు. పీఆర్వోలు ఇల్లిల్లూ తిరిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. చేలలో గుడిసెలు వాళ్ల జాబితాలో ఉండవు.