ఓకు దుంగల సాక్ష్యము

లండను నగరమునకు ఈశాన్యముగా, ఎసెక్సు మండలమున, ఆంగర్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటినుండి పొలముల నడుమగా పడమటి దిక్కునకు ఒక మైలు నడచినచో గ్రీన్‌స్టెడ్ అను పల్లె వచ్చును. చెట్లచాటున ఒక చిన్న చర్చి, దాని చుట్టును పాత సమాధులు కనబడును. ఆకాశమునంటు శిఖరములు గాని, చలువరాతి స్తంభములు గాని లేని ఈ మందిరము సెంట్ ఆండ్రూ పేర వెలసినది. నేటికిని నిలిచియున్న కొయ్య చర్చిలలో ప్రపంచమున ఇదియే అతిప్రాచీనమైనదని ప్రసిద్ధి.

దీని విశేషమంతయు మధ్యశాల గోడలలో నున్నది. బైబిలు తెలుగులో సింధూర వృక్షమని చెప్పబడిన ఓకు చెట్ల మ్రానులను నిలువున రెండుగా చీల్చి, ఒకదాని ప్రక్క నొకటిగా నిలిపిరి. గుండ్రని వైపు వెలుపలికిని, చదునైన వైపు లోపలికిని త్రిప్పిరి. దుంగల ప్రక్కలను గాడి తీసి, రెండు గాళ్ళ నడుమ సన్నని ఓకు బద్దను దిగగొట్టిరి. అందుచేత గాలియు వానయు లోనికి చొరకుండెను. ఇట్టి దుంగలు 51 నేటికిని ఉన్నవి. తొలినాటి గోడలలో కిటికీలు లేవు. కప్పులోని గవాక్షములు తరువాతివారు పెట్టించినవి.

ఆ తరువాతి ప్రతి కాలమును ఈ మందిరమునకు ఏదో యొకటి చేర్చినది. తూర్పున బలిపీఠముండు భాగమును సుమారు 1500 ప్రాంతమున ఇటుకలతో తిరిగి కట్టిరి. దాని అడుగున అంతకు పూర్వపు నార్మను కాలపు చెకుముకిరాతి కట్టుబడి ఇంకను కనబడుచున్నది. పడమట తెల్లని రంగు పూసిన పలకల గోపురమున్నది. అందలి గంటపై 1618 అను సంవత్సరము చెక్కబడియున్నది. నేల తేమకు దుంగల మొదళ్ళు పుచ్చిపోగా, 1848లో ఆ పుచ్చిన మేర కోసివేసి, ఇటుకల అరుగుపై దుంగలను తిరిగి నిలిపిరి. అవి కొంత పొట్టివైనవి, అయినను నిలిచినవి.

ఈ గోడల వయస్సెంత? 845 ప్రాంతమున కట్టినవని చాలకాలము చెప్పుకొనిరి. దానికి తోడుగా ఒక గాథయు కలదు. తూర్పు ఆంగ్లియా రాజైన ఎడ్మండు 869లో డేనుల చేత చంపబడెను. ప్రజలు అతనిని పునీతునిగా కొలిచిరి. డేనుల భయమున లండనుకు చేర్చిన అతని దేహమును 1013లో తిరిగి స్వస్థలమునకు గొనిపోవుచు, దారిలో ఒక రాత్రి గ్రీన్‌స్టెడ్ చర్చిలో నుంచిరని ఆ గాథ. ఎన్నో తరములు ఈ దుంగలను తాకి, ఆ రాత్రిని తలచుకొని పులకించినవి.

1995లో శాస్త్రజ్ఞులు దుంగలనే సాక్ష్యమడిగిరి. చెట్టు ఏటికొక వలయము చొప్పున లావెక్కును. కాలము అనుకూలించిన యేట వలయము వెడల్పుగను, అనుకూలింపని యేట సన్నముగను ఏర్పడును. ఒక ప్రాంతమున ఒకే కాలమున పెరిగిన చెట్లలో ఈ వరుస ఒకే తీరున నుండును. కావున కాలము తెలిసిన మ్రానుల వరుసతో పోల్చి, తెలియని దాని కాలమును నిర్ణయింపవచ్చును. ఈ దుంగల చేవలో మిగిలిన కడపటి వలయము 1053వ సంవత్సరముది. చేవకును బెరడుకును నడుమనుండు లేతకొయ్య మిగులలేదు. అందు 10 మొదలు 55 వరకు వలయములుండునని లెక్కించి, చెట్లను 1063, 1108 సంవత్సరముల మధ్య నరికిరని తేల్చిరి. నార్మనులు ఇంగ్లండును జయించినది 1066లో. అనగా ఈ గోడలు ఆ జయమునకు కొంచెము ముందో, ఆ పిమ్మట కొద్ది దశాబ్దములలోనో లేచినవి.

ఒక్క పరీక్షతో చర్చి వయస్సు రెండు వందల యేండ్లకు పైగా తగ్గినది. 1013లో ఎడ్మండు దేహము ఈ త్రోవన వచ్చియుండినచో, నేటి గోడలలోని ఓకులు అప్పటికింకను ఆకులతో పచ్చగా అడవిలో నిలిచియుండెను. అంతమాత్రమున గాథ యంతయు కల్ల యనరాదు. 1960లో బలిపీఠ భాగము క్రింద త్రవ్వి చూడగా, ఆరవ శతాబ్దపు తుదికో, ఏడవ శతాబ్దపు ఆదికో చెందిన రెండు కొయ్య కట్టడముల ఆనవాళ్ళు బయటపడినవి. గోడలకంటె ఆ స్థలము ప్రాచీనము. ఆ రాత్రి మజిలీ రుజువు కాలేదు, అసంభవమును కాలేదు.

ఉత్తరపు గోడలోని చిన్న రంధ్రము విషయమును ఇట్టిదే. కుష్ఠరోగులు వెలుపల నిలిచి పూజను చూచుటకై దానిని చేసిరని చెప్పుకొనెడివారు. అది పవిత్రజలము నుంచు గూడు కావచ్చునని పిమ్మట పరిశీలించినవారి అభిప్రాయము.

గాథలు సడలిన ఈ చర్చిలో, సందేహమునకు తావులేని ఘట్టమొకటి కలదు. డార్సెట్ మండలములోని టాల్‌పడిల్ గ్రామమున, కూలి తగ్గించుచుండగా సంఘము కట్టుకొన్న ఆరుగురు వ్యవసాయ కూలీలకు, రహస్య ప్రమాణము చేసిరను నేరముపై 1834లో ఏడేండ్ల ద్వీపాంతరవాస శిక్ష పడినది. వారిని ఆస్ట్రేలియాకు పంపిరి. దేశమంతట నిరసన చెలరేగగా 1836లో క్షమాపణ లభించినది. తిరిగివచ్చినవారిలో ఐదుగురు, అభిమానులు కూర్చిన ధనముతో ఈ ప్రాంతమున పొలములు కౌలునకు పట్టి సేద్యము చేసిరి. వారిలో జేమ్సు బ్రైన్ అను యువకుడు, తనతోపాటు శిక్ష ననుభవించిన థామస్ స్టాండ్‌ఫీల్డు కుమార్తె ఎలిజబెత్తును 1839లో ఈ చర్చిలోనే వివాహమాడెను. ఆ దంపతులు పిమ్మట కెనడాకు తరలిపోయిరి.

పురాతన కట్టడమును ప్రేమించువారికి దాని వయస్సు తగ్గినదని వినుట కష్టమే. గ్రీన్‌స్టెడ్ చర్చికి మాత్రము దానివలన కొరత యేమియు రాలేదు. రాజుల వెంట నడచిన గాథ పోయినను, చెట్టును చీల్చి గాడి తీసిన అజ్ఞాత వడ్రంగి పనితనము అట్లే నిలిచినది. కన్నవారి యూరు విడిచి వచ్చిన కూలి బిడ్డల పెండ్లిని ఆ దుంగలే చూచినవి. ఆ చూచిన సాక్ష్యమునకు ఏ వలయమును అడ్డుచెప్పదు.